వీసా అడిగే సింగపూర్, వీసా అడగని మలేసియా: నెల్లూరు నుంచి వెళ్లినవారి లెక్కలు

సింగపూర్, మలేసియాలను ఒకే ప్రయాణంలో చూసి రావాలనుకునే మన జిల్లావాసులకు ఆ రెండు దేశాల నియమాలు పూర్తిగా భిన్నంగా కనిపిస్తాయి. భారతీయులు సింగపూర్ వెళ్లాలంటే ముందుగా వీసా తీసుకోవడం తప్పనిసరి. మలేసియా మాత్రం 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజుల లోపు పర్యటనకు భారతీయులకు వీసా అక్కరలేదని ప్రకటించి, ఆ వెసులుబాటును 2026 చివరి వరకు పొడిగించింది. దీన్నిబట్టి సింగపూర్ కష్టమనీ, మలేసియా సులువనీ అందరూ అనుకుంటారు. మా అమ్మ, నా భార్య, ఒంగోలులో ఉండే మా తోడల్లుడి దంపతులతో కలిసి వెళ్లివచ్చాక నా అభిప్రాయం దాదాపు తిరగబడింది. సింగపూర్ అడగదలచుకున్నవన్నీ మనం ఇంట్లో ఉండగానే అడిగేస్తుంది. మలేసియా వాటినే మనం ప్రయాణపు బడలికతో కౌంటరు ముందు నిలబడ్డాక అడుగుతుంది.

ముందుగా పాస్‌పోర్టు సంగతి. రెండు దేశాలూ ప్రవేశించే నాటికి పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. మా తోడల్లుడి పాస్‌పోర్టుకు ఐదు నెలలే మిగిలి ఉండటంతో ఆయన విజయవాడ సేవా కేంద్రానికి వెళ్లి తత్కాల్‌లో కొత్తది తీసుకున్నారు. 36 పేజీల పుస్తకానికి మామూలు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ అయితే దానిపై మరో 2,000 రూపాయలు. తొందర లేనివారు తత్కాల్ జోలికి పోనక్కరలేదు. మా అమ్మ పాస్‌పోర్టు మామూలు పద్ధతిలోనే, నెల్లూరులోని పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రం ద్వారా వచ్చింది. పెద్దవాళ్లను తిరుపతి దాకా తిప్పే పని తప్పడం చిన్న మేలు కాదు.

అసలు చిక్కు పేరులో ఉంటుంది. మన పెద్దవాళ్ల పాస్‌పోర్టులలో చాలా వాటిలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరుతో సహా పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. మా అమ్మదీ అంతే. టికెట్టు కొనేటప్పుడు ఆన్‌లైన్‌లో ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలితే బుకింగు ముందుకు కదలదు. ఇలాంటప్పుడు ఏం చేయాలన్న విషయంలో ఒక్కో విమానసంస్థది ఒక్కో పద్ధతి కాబట్టి, వారి కస్టమర్ కేర్‌ను అడిగి, వారు చెప్పినట్లే నింపి, ఆ జవాబును మెయిల్‌లో భద్రపరచుకోవడం మంచిది. సింగపూర్, మలేసియాలకు ఈ ఖాళీ గడి అడ్డు కాలేదు. దుబాయి వెళ్లాలనుకునేవారికి మాత్రం ఇది చిన్న విషయం కాదు: పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారిని సందర్శక వీసాపై అనుమతించబోమని యు.ఏ.ఈ. 2022 నవంబరులోనే ప్రకటించింది. పాస్‌పోర్టు ఎలాగూ మార్చుకోవలసి వచ్చినప్పుడు ఇంటిపేరును దాని గడిలోకి చేర్పించుకోవడం నా దృష్టిలో తత్కాల్ కన్నా విలువైన పని.

సింగపూర్ వీసాకు పర్యాటకులు సాధారణంగా గుర్తింపు పొందిన వీసా ఏజెంట్ల ద్వారానే దరఖాస్తు చేసుకుంటారు. నెల్లూరులోని ట్రావెల్స్ కార్యాలయాలు కూడా కాగితాలను చివరికి అలాంటి ఏజెంటుకే, మా విషయంలో చెన్నైకి, పంపుతాయి. సింగపూర్ ప్రభుత్వం తీసుకునే రుసుము తలకు 30 సింగపూర్ డాలర్లు. వీసా వచ్చినా రాకపోయినా అది తిరిగి రాదు. దానిపై ఎవరు ఎంత సర్వీసు చార్జీ వేస్తారన్నదే అసలు తేడా. మేము మొదట అడిగిన ట్రావెల్స్‌లో రుసుము ఎంత, వారి చార్జీ ఎంత అని విడదీసి చెప్పమంటే చెప్పలేదు, పైగా వారి హోటలు ప్యాకేజీ తీసుకుంటే తప్ప వీసా ‘గ్యారంటీ’ లేదన్నారు. వీసాకు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. చెన్నై ఏజెంటుతో నేరుగా మాట్లాడాక రెండు మొత్తాలూ విడివిడిగా రాసిన రసీదు వచ్చింది, ఖర్చూ తగ్గింది. ప్యాకేజీయే కావాలనుకునేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి: విదేశీ టూర్ ప్యాకేజీపై టీసీఎస్ (అమ్మేవారే ముందుగా పట్టే ఆదాయపన్ను) వసూలు చేస్తారు, దానికి పాన్ కార్డు ఇవ్వాలి. ఆ మొత్తాన్ని తర్వాత ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు కానీ, అప్పటిదాకా చేతి డబ్బు కదలక కూర్చుంటుంది.

దరఖాస్తుకు ఫారం 14ఏ, పాస్‌పోర్టు వివరాల పేజీ నకలు, ఫొటో ప్రధానం. బ్యాంకు స్టేట్‌మెంటు, హోటలు బుకింగు, రానుపోను టికెట్లు, ఎందుకు వెళుతున్నామో తెలిపే లేఖ వంటివి ఏజెంట్లు ముందుజాగ్రత్తగా అడుగుతారు. ఇవ్వడంలో నష్టం లేదు. ఫొటో విషయంలో మాత్రం పట్టుబట్టాలి. అది 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తుతో, తెల్లటి నేపథ్యంతో, గత మూడు నెలలలో తీసినదై ఉండాలి. ట్రంకు రోడ్డులో మేము వెళ్లిన స్టూడియో కుర్రవాడు అలవాటుగా నీలం తెర ముందు కూర్చోబెట్టి తీసి, కంప్యూటరులో వెనక భాగాన్ని తెల్లగా మార్చబోయాడు. అలా మార్చినప్పుడు మా అమ్మ నెరిసిన జుట్టు అంచులు కూడా తెలుపులో కలిసిపోయి, తల ఆకారమే మారిపోయింది. తెల్లటి దుప్పటి కట్టించి మళ్లీ తీయించాం. దరఖాస్తు ఇచ్చిన వారంలోపే అందరికీ ఈ-వీసాలు మెయిల్‌లో వచ్చాయి. అవి పదే పదే వెళ్లిరాగలిగిన వీసాలే అయినా, లోపలికి రానిచ్చేదీ, ఎన్ని రోజులు ఉండనిచ్చేదీ నిర్ణయించేది అక్కడి ఇమిగ్రేషన్ అధికారేనని గుర్తుంచుకోవాలి.

సామాను సర్దేటప్పుడు మన నెల్లూరు వంటింటికీ సింగపూర్ చట్టానికీ నేరుగా తగాదా వస్తుంది. గసగసాలు నల్లమందు మొక్క గింజలు కావడంతో సింగపూర్‌లో నిషిద్ధం. మా అమ్మ అక్కడ వండుకోవచ్చునని కట్టిన కోడికూర మసాలా పొడిలో అవి ఉన్నాయి. పొట్లం ఇంట్లోనే ఆగిపోయింది. మాంసం కలిసిన పచ్చళ్లు కూడా భారతదేశం నుంచి తీసుకెళ్లరాదు కనుక నాటుకోడి పచ్చడికి బదులు గోంగూర, ఆవకాయ వెళ్లాయి. చూయింగ్ గమ్, ఈ-సిగరెట్లు, ఒక్క పెట్టె అయినా సుంకం కట్టని సిగరెట్లు తీసుకెళ్లడం ఇబ్బందిని కొనితెచ్చుకోవడమే. మందుల విషయంలో రక్తపోటు, మధుమేహం మాత్రలకు డాక్టరు చీటీ వెంట ఉంటే చాలు. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు వాడేవారు మాత్రం ముందుగా అనుమతి తీసుకోవలసి రావచ్చు.

నెల్లూరు నుంచి చెన్నై విమానాశ్రయానికి రైలులో సెంట్రల్‌కు చేరి, అక్కడి నుంచి మెట్రో నీలి మార్గంలో నేరుగా వెళ్లడం చవకైనది, నిక్కచ్చిగా సమయానికి చేర్చేది. అయితే విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి వేళల్లో ఉంటాయి, మెట్రో రాత్రి పదకొండు దాటితే దొరకదు. అందుకే మేము కారు మాట్లాడుకున్నాం. తడ దాటేవరకు బండి పరుగెత్తుతుంది కానీ రెడ్‌హిల్స్ దగ్గర లారీల వరుసలో పడితే ఎంతసేపో చెప్పలేం. రెండు గంటలు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. బయలుదేరేటప్పుడు భారతీయులు నింపే కాగితం 2017 జులైలోనే రద్దయింది కాబట్టి చెన్నైలో ఇమిగ్రేషన్ పని త్వరగానే ముగిసింది.

సింగపూర్ ఎరైవల్ కార్డును చేరడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. వెతికితే మొదట కనిపించే కొన్ని నకిలీ వెబ్‌సైట్లు దీనికి డబ్బు వసూలు చేస్తాయి. అసలైనది అక్కడి ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులోనే ఉంటుంది. చాంగి విమానాశ్రయంలో పాస్‌పోర్టులో ముద్ర వేయరు. ఎన్ని రోజులు ఉండవచ్చో తెలిపే ఈ-పాస్‌ను ఈ కార్డులో ఇచ్చిన మెయిల్‌కు పంపుతారు. మా అమ్మకు మెయిల్ లేదు కాబట్టి నాది ఇచ్చాం. ఆటోమేటిక్ గేటులో పాస్‌పోర్టు ఆనించి, కెమెరా వైపు చూసి, ఆమె మాకన్నా ముందే అవతలికి చేరింది. ఇన్ని కాగితాలు ముందే అడిగిన దేశం, తీరా గుమ్మంలో ఒక్క మాటైనా అడగలేదు.

బస లిటిల్ ఇండియాలో తీసుకున్నాం. భోజనం సంగతి చూస్తే ఇంతకన్నా మంచి చోటు లేదు: 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్, టెక్కా సెంటరు, సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ ఆలయం అన్నీ నడిచి వెళ్లగలిగిన దూరంలోనే ఉన్నాయి. గది సంగతి వేరు. బుక్ చేసేటప్పుడు ‘కిటికీ లేదు’ అన్న చిన్న మాటను ఎవరూ పట్టించుకోరు. కిటికీ లేని గదిలో పగలు రాత్రీ తెలియవు, మనిషి అటూ ఇటూ తిరగడానికి పెట్టె మంచం కిందకి తోయాలి. పెద్దవాళ్లు ఉంటే కొంచెం ఎక్కువిచ్చి కిటికీ ఉన్నదే తీసుకోవాలి. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే దానిపై పది శాతం సర్వీసు చార్జీ, తొమ్మిది శాతం జీఎస్టీ పడతాయని అర్థం. మెట్రో, బస్సులకు మన బ్యాంకు కార్డునే తాకించి వెళ్లవచ్చు. విదేశీ కార్డులకు రోజుకు 60 సెంట్ల అదనపు రుసుము ఉంటుంది, సౌకర్యంతో పోలిస్తే అది లెక్కలోది కాదు. చూడవలసిన ప్రదేశాల గురించి అందరూ రాస్తారు. గార్డెన్స్ బై ద బేలో సాయంత్రపు దీపాల ప్రదర్శన ఉచితమనీ, సెంతోసాలో మాత్రం చాలావాటికి టికెట్టు ఉందనీ చెప్పి ఊరుకుంటాను.

సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కు బస్సులో వెళ్లాం. దాదాపు 350 కిలోమీటర్ల దారి. బస్సు సౌకర్యంగా ఉంది, సీట్లు మన గరుడ బస్సుల కన్నా విశాలం. సరిహద్దు దగ్గర మాత్రం రెండుసార్లు దిగాలి: సింగపూర్ వదిలేటప్పుడు ఒకసారి, మలేసియాలో అడుగుపెట్టేటప్పుడు మరోసారి. ఆ రెండోసారి పెట్టెలన్నీ దింపి స్కానరులో పెట్టాలి. మలేసియా డిజిటల్ ఎరైవల్ కార్డును కూడా మూడు రోజుల లోపు ఉచితంగా నింపుకోవాలి. వీసా లేకపోయినా ఇది లేకుండా కుదరదు. తిరుగు టికెట్టు, బస వివరాలు, ఖర్చుకు సరిపడా డబ్బు చూపగలగాలన్నవి వీసా మినహాయింపుకు షరతులే.

కౌంటర్ల దగ్గర మా అయిదుగురినీ వేర్వేరు వరుసల్లోకి పంపారు. ప్రతి ఒక్కరి చేతికీ హోటలు బుకింగు, తిరుగు టికెట్టు ప్రతులను విడివిడిగా ఇచ్చినప్పుడు మా తోడల్లుడు, ఇప్పుడు ఎవరయ్యా కాగితాలు చూసేది అని నవ్వారు. మా అమ్మ వరుసలోని అధికారిణి తమిళ మూలాలున్న ఆవిడ. ఎక్కడికి వెళుతున్నారు, ఎవరింట్లో ఉంటారు, తిరిగి ఎప్పుడు వెళతారు అని ఆమె తమిళంలో అడిగితే, నెల్లూరు మనిషికి ఎంతో కొంత అరవం రాకుండా ఉండదు కాబట్టి అమ్మ జవాబు చెప్పి, కాగితం చూపి బయటపడింది. ఆ పక్క వరుసలో ఒక భారతీయ యువకుడు తన వివరాలన్నీ ఫోనులో ఉన్నాయని చెబుతూ, నెట్‌వర్కు దొరకక ఫోనును అటూ ఇటూ ఊపుతూ పక్కకు నిలబడ్డాడు. మా బస్సు కదిలేటప్పటికీ అతను అక్కడే ఉన్నాడు. బస్సులు ఆలస్యమైన ప్రయాణికుడి కోసం ఎక్కువసేపు ఆగవు.

కౌలాలంపూర్‌లో బ్రిక్‌ఫీల్డ్స్‌లో దిగాం. సింగపూర్‌లో ఇచ్చిన దానికన్నా తక్కువ అద్దెకు పెద్ద కిటికీలున్న విశాలమైన గదులు దొరికాయి, కె.ఎల్. సెంట్రల్ రైల్వే స్టేషను నడక దూరం. ఆన్‌లైన్‌లో మొత్తం చెల్లించినా, విదేశీయుల నుంచి గదికి రాత్రికి పది రింగిట్ల పర్యాటక పన్నును హోటలు విడిగా తీసుకుంటుంది. ఇది మోసం కాదు, ప్రభుత్వ పన్ను. కె.ఎల్. సెంట్రల్ నుంచి బతు గుహలకు నేరుగా రైలు ఉంది. 272 మెట్లు ఎక్కలేనివారు కిందనే 42.7 మీటర్ల మురుగన్ విగ్రహాన్ని దర్శించుకోవచ్చు. మా అమ్మ అక్కడే కూర్చుంది. కోతులు చేతిలోని సంచులను లాక్కుంటాయి.

తిరుగు విమానం కౌలాలంపూర్ నుంచే చెన్నైకి ఉండేట్టు చూసుకోవడం వల్ల మళ్లీ సింగపూర్‌కు రావడం, రెండో ఎరైవల్ కార్డు నింపడం తప్పాయి. ఇదే ప్రయాణాన్ని తిరగేసి, ముందు మలేసియాలో దిగి బస్సులో సింగపూర్ వెళ్లమని సలహా ఇచ్చేవారున్నారు. సరిహద్దు ప్రశ్నలు ఎటు నుంచి వచ్చినా ఉంటాయి కానీ, పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఈ వరుసే నయమని నాకు తోచింది, ఇంకా నయమైనది ఆ మధ్య దూరాన్ని కూడా గంటపాటు విమానంలో దాటడం. కె.ఎల్. సెంట్రల్ నుంచి విమానాశ్రయానికి వెళ్లే ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కే ముందు టికెట్టు మీద టెర్మినల్ ఏదో చూసుకోవాలి: ఒకటో టెర్మినల్‌కు 28 నిమిషాలు, రెండోదానికి 33, ఒకచోట దిగి మరోచోటికి పరుగెత్తడం పెట్టెలతో అయ్యే పని కాదు.