హైదరాబాద్ నుంచి డల్లాస్: ఆ పదహారు గంటల ఫ్లైట్ గురించి

దుబాయ్‌లో మారి డల్లాస్ వెళ్ళే దారిలో ఏళ్ళుగా తిరుగుతున్నాను. అందరూ భయపడే ఆ పదహారు గంటల ఫ్లైటే నాకు అన్నిటికన్నా ఇష్టం. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మారితే సరిగ్గా నిద్ర పట్టే వేళకు దిగమంటారు. ఇక్కడ ఆ గొడవ లేదు. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలు ఇట్టే అయిపోతాయి. ఆ తర్వాత సీట్లో కూర్చున్నామంటే డల్లాస్ దాకా లేపేవాళ్ళుండరు. తిని, హాయిగా పడుకుని లేచి, మళ్ళీ తిన్నా ఇంకా టైమ్ మిగులుతుంది.

గల్ఫ్ మీదుగా అంటే చుట్టుదారి అని చాలామంది అనుకుంటారు. రేఖాంశాల లెక్కలో హైదరాబాద్, డల్లాస్ దాదాపు ఎదురెదురు. అందుకే గ్లోబు మీద గీత గీస్తే దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది. అది సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ దాకా 2,550, అక్కడినుంచి 12,900 వేసుకున్నా మనకు ఎక్కువయ్యేది వెయ్యి పైచిలుకే. తిరుగు ప్రయాణంలో వెనకనుంచి గాలి తోస్తుంది కాబట్టి గంట, ఒక్కోసారి ఇంకాస్త తగ్గుతుంది.

ఇంత పొగిడాక ఆ మే నెల సంగతి కూడా చెప్పాలి. టెక్సాస్‌లో ఆ రోజుల్లో ఉరుముల వానలు మామూలే. ముందున్న స్క్రీన్ మీద డల్లాస్‌కి ఇంకా ఇరవై నిమిషాలని చూసి బూట్లు వేసుకున్నాను. కాసేపటికి చూస్తే ముప్ఫై అయింది, తర్వాత నలభై. మ్యాప్‌లో విమానం గానుగెద్దులా తిరుగుతోంది. చివరికి ఇంధనం కోసం హ్యూస్టన్‌లో దించారు. దించడమంటే విమానాన్నే, మమ్మల్ని కాదు.

పక్క సీట్లో గుంటూరు నుంచి ఒక్కరే వస్తున్న పెద్దావిడ.

"బాబూ, డల్లాస్ వచ్చేసిందా?"

"లేదండీ, హ్యూస్టన్. డల్లాస్‌లో గాలివాన అట."

"అయ్యో, మా అబ్బాయి డల్లాస్‌లో నిలబడి ఉంటాడే!"

ఆవిడ ఫోన్‌లో మన సిమ్ పనిచేయడం లేదు. హ్యాండ్‌బ్యాగ్‌లో మడిచిపెట్టుకున్న కాగితం మీది నంబర్ చూసి నా ఫోన్ నుంచే కలిపి ఇచ్చాను. "భోంచేశావా నాన్నా?" అన్నదే ఆవిడ మొదటి మాట. మూడు గంటలకు పైగా అక్కడే కూర్చున్నాం. నీళ్ళు, బిస్కెట్లు ఇచ్చారు కానీ పదహారు గంటల తర్వాత బాత్రూమ్‌లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. తీరా బయల్దేరాక హ్యూస్టన్ నుంచి డల్లాస్‌కి గంట కూడా పట్టలేదు.

వానకు ఎవరినీ అనలేం, యూరప్ మీదుగా వచ్చినా అంతే. కాకపోతే ఒకే పెద్ద ఫ్లైట్ ఆఖర్లో ఇలాంటిది జరిగితే ఒంట్లో ఓపిక ఉండదు. నేను చెప్పిన హాయి నిద్ర కూడా కిటికీ పక్క సీటు దొరికినప్పటి మాట. మధ్య సీట్లో ఒకసారి వచ్చాను, మోకాళ్ళు రెండు రోజులు పట్టేశాయి.

నా ఒక్కడికైతే ఇప్పటికీ ఇదే దారి. ఇల్లు ఎయిర్‌పోర్టుకి దగ్గర, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఎక్కడైనా నిద్రపోగలను. చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళకు మాత్రం గట్టిగా చెప్పలేను. అమ్మానాన్నలకు టికెట్ తీస్తే దుబాయ్‌లో కనీసం మూడు గంటలు ఉండేలా చూసి, వీల్‌చెయిర్ పెట్టించి, నడవ పక్క సీట్లకు డబ్బు కట్టేస్తాను. మే నెలలో మాత్రం వద్దంటాను.