రాజమండ్రిలో ఉద్యోగం, ధవళేశ్వరంలో అద్దె

మా వారికి రాజమండ్రి బదిలీ అని తెలియగానే హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్లందరూ "అదృష్టవంతులు, అక్కడ అద్దెలు సగానికి సగం" అన్నారు. ఆ సగం దానవాయిపేటలో మాత్రం దొరకదు. మే నెలాఖరులో, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, నేనూ మా వారూ అత్తయ్యా ఏడో తరగతికి వచ్చిన బాబూ కలిసి ఇల్లు చూసుకోవడానికి బయల్దేరాం. జూన్ 12కి బడులు తెరుస్తారు కాబట్టి అంతకుమించి ఆగే వీల్లేదు. అద్దెకి మేం పెట్టుకున్న హద్దు 10 వేలు. మా వారి ఆఫీసు కోటగుమ్మం దగ్గర, అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, నాకు బండి నడపడం రాదు. కింద రాసిందంతా ఈ మూడింటినీ బట్టే. మీ ఉద్యోగం రాజానగరం వైపైతే ఈ లెక్క మొత్తం తల్లకిందులవుతుంది.

ముందు బస సంగతి. మామూలు లాడ్జీలు ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కలా, రైల్వే స్టేషన్ దగ్గరా, గోదావరి స్టేషన్, కోటిపల్లి బస్టాండ్ వైపూ ఉన్నాయి. కాంప్లెక్స్ దగ్గర దిగిన లాడ్జిలో ఫోన్‌లో "24 గంటల చెకౌట్ అండి" అన్నవాళ్లు, కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి మధ్యాహ్నం 12 కల్లా ఖాళీ చేయాలన్నారు. లిఫ్ట్ ఉందన్నారు. ఉంది, పనిచేయదు. అత్తయ్య రెండో అంతస్తు ఎక్కి, మళ్లీ కిందికి దిగనని మంచం మీద కూర్చున్నారు. పైగా పాపికొండలు వెళ్లే జనం తెల్లారకముందే తలుపులు దబదబా కొట్టుకుంటూ లేస్తారు, ఇక నిద్ర ఎక్కడిది. అందుకే కోటిపల్లి బస్టాండ్ వైపు కింది అంతస్తు గదికి మారాం. గది చిన్నదే, కిటికీ తీస్తే ఎదురుగా గోడ. కానీ నీళ్లు ధారాళంగా వచ్చాయి, దుప్పట్లు ఉతికినవి, వీధి చివరే ఇడ్లీ బండి. ధవళేశ్వరం వైపు ఆటోలూ ఆ పక్కనే దొరుకుతాయి. ముహూర్తాల రోజుల్లో మాత్రం ముందే చెప్పుకోవాలి, పెళ్లివాళ్లు గదులన్నీ గంపగుత్తగా తీసేసుకుంటారు.

ఊరి లోపల దానవాయిపేట, ప్రకాష్‌నగర్ అందరూ మొదట చెప్పే పేర్లు. బడులు, ఆసుపత్రులు, కోచింగులు అన్నీ నడిచి వెళ్లే దూరంలో. డబుల్ బెడ్‌రూమ్‌కి మాకు చెప్పిన అద్దె 16 వేలు, మెయింటెనెన్స్ వేరే. అదీ బండి పెట్టుకోవడానికి చోటు లేని ఇల్లు. పాతబస్తీలో ఇన్నీసుపేట, ఆర్యాపురం వైపు అద్దెలు దిగుతాయి. పెంకుటిళ్లు, మిద్దెలు వాటాలుగా విడగొట్టి ఇస్తారు. ఆర్యాపురంలో ఒక వాటా నాకు బాగా నచ్చింది: పెద్ద వసారా, పెరట్లో కరివేపాకు చెట్టు, నడిస్తే గోదావరి. గోడ మీద మోకాలెత్తున తడి చార కనిపించి అడిగితే ఇంటావిడ దాపరికం లేకుండా చెప్పింది: "గట్టి వాన పడితే తుమ్మలావ, ఆర్యాపురం నీళ్లేనండి. నది నిండుగా ఉన్నప్పుడు ఊరి నీళ్లు అందులోకి పోవు కదండీ, తోడాల్సిందే." అంత నిజాయితీగా చెప్పినావిడ ఇంట్లో అద్దెకి ఉండాలనిపించింది గానీ, అత్తయ్యని, ఆ చారని కలిపి చూసుకుంటే ధైర్యం చాల్లేదు.

ఊరు దాటితే అసలు వెతుకులాట మొదలు. హుకుంపేట, బొమ్మూరు ఇప్పుడు బాగా గిరాకీ ఉన్న చోట్లు. 2022లో జిల్లాలు విడగొట్టాక తూర్పుగోదావరి కలెక్టరేట్ బొమ్మూరులో పెట్టారు, జాతీయ రహదారి పక్కనే. కొత్త అపార్ట్‌మెంట్లు, సూపర్ మార్కెట్లు, బిర్యానీ పాయింట్లు, దేనికీ లోటు లేదు. 9 వేలకి తూర్పు వాకిలి ఇల్లు, గాలీ వెలుతురూ ఉన్నది దొరికింది. మా వారు అడ్వాన్స్ తీసి ఇవ్వబోతుంటే అత్తయ్య ఆపారు. పక్కింట్లోకి వెళ్లి మంచినీళ్లడిగి తాగి, "అమ్మా, మీ బోరు నీళ్లకి కందిపప్పు ఉడుకుతుందా?" అని అడిగారు. ఆ అమ్మాయి నవ్వేసి, "పప్పుకి క్యాన్ నీళ్లే పోస్తామండి, బోరు నీళ్లతో ఎన్ని విజిళ్లొచ్చినా గింజ గింజలాగే ఉంటుంది" అంది. అప్పుడు బాత్రూమ్ చూశాం. షవర్ కన్నాలు సగం సున్నంతో పూడిపోయాయి, కుళాయి కింద పలకల మీద తెల్లటి పెళుసు. ఇలాంటివి ఓనరు చెప్పరు, బ్రోకరు అసలే చెప్పడు. ఆ తర్వాత చూసిన ప్రతి ఇంట్లోనూ ముందు వంటింటి కుళాయి, గీజరు, పక్కింటివాళ్ల పప్పు, ఆ తర్వాతే పడగ్గదులు. హుకుంపేటంతా ఇంతే అనడం లేదు. రెండు వీధులు అవతల ఒక ఇంట్లో నీళ్లు బాగానే ఉన్నాయి, అక్కడ అద్దె 11 వేలు.

హుకుంపేటలో నాకు ఎదురైన మరో చిక్కు రాత్రిపూట తెలిసింది. పగలు చూసి ఊరుకోకుండా రాత్రి తొమ్మిది దాటాక ఊళ్లోంచి ఆ వీధికి వెళ్లి చూశాం. మోరంపూడి జంక్షన్ దాకా షేర్ ఆటోలున్నాయి. అక్కడి నుంచి లోపలికి వెళ్లాలంటే ఆటో మొత్తం మాట్లాడుకోవాల్సిందే, వాడు నోటికొచ్చినంత అడుగుతాడు. బండి ఉన్నవాళ్లకి ఇది సమస్యే కాదు. నాకు సమస్యే.

కాతేరు, కొంతమూరు వైపు త్వరత్వరగా చూసి వచ్చేశాం. గామన్ బ్రిడ్జి అని జనం పిలిచే నాలుగో వంతెన 2015 పుష్కరాల నాటికి వచ్చింది, అప్పటి నుంచి ఆ వైపు పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. ఇళ్లు కొత్తవి, వీధులు ఇంకా పూర్తికానివి. స్థలం కొనుక్కునేవాళ్లు చూడాల్సిన వైపు అది, అద్దెకి ఉండేవాళ్లు చూడాల్సింది కాదు. రాజానగరంలో అద్దెలు బాగున్నాయి కానీ చుట్టూ కాలేజీలు, కుర్రాళ్లకి గదులుగా ఇస్తే ఎక్కువొస్తుందని కుటుంబాలకి ఇవ్వడానికి ఓనర్లు అంత ఇష్టపడరు. కడియం సంగతి చెప్పకుండా ఉండలేను: కడియపులంక నర్సరీల మధ్యనుంచి పోతుంటే అంత ఎండలోనూ కళ్లు చల్లబడ్డాయి. బాబు అక్కడే ఉండిపోదామన్నాడు. అద్దె ఇల్లు మాత్రం ఒక్కటీ మాకు కుదర్లేదు, రెండు మొక్కలు కొనుక్కుని వచ్చేశాం. అవి లాడ్జి గదిలో ఏసీ కింద వాడిపోయాయి.

కొవ్వూరు గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే చివరిదాకా మా మనసు అటే లాగింది. నదికి అవతలి ఒడ్డు. జిల్లాలు మార్చినప్పుడు అదీ తూర్పుగోదావరిలోకే వచ్చింది కాబట్టి ఆఫీసు పనులకి ఏలూరు వెళ్లే బాధ లేదు. 6,500కి విడి ఇల్లు, ముందు మామిడి చెట్టు, గోష్పాద క్షేత్రం దగ్గర్లో. అత్తయ్యకి గుడి, రేవు రెండూ దొరికాయి, ఇంకేం కావాలి అన్నారు. పాసింజర్ రైలెక్కితే వంతెన దాటగానే గోదావరి స్టేషన్, అక్కడ దిగితే మా వారి ఆఫీసు నడక దూరం. చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి ప్రయాణం లేదు. కానీ పాసింజర్ టైముకీ ఆఫీసు టైముకీ పొంతన కుదరాలి, ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు కొవ్వూరులో ఆగవు. మిగిలింది రోడ్డు కం రైలు వంతెన. 1974 నాటిది, రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లకి పైనే. పైన బస్సులూ ఆటోలూ, కింద రైళ్లు. సాయంత్రం దాని మీద పోతుంటే గాలికి ప్రాణం లేచొస్తుంది, అది వేరే విషయం. 2023లో మరమ్మతులకని కొన్నాళ్లు దాన్ని మూసేశారు. అప్పుడు కొవ్వూరువాళ్లు గామన్ బ్రిడ్జి మీదుగానో, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగానో తిరిగి రావాల్సి వచ్చింది. యాభై ఏళ్లు దాటిన వంతెనకి మళ్లీ మరమ్మతులు రావని ఎవరు చెప్తారు? 2027లో పుష్కరాలు, రెండు ఒడ్లా జనం. బాబు బడి రాజమండ్రిలో అనుకున్నాం కాబట్టి రోజూ పిల్లాడి ప్రయాణం ఆ ఒక్క వంతెన మీద పెట్టడం నాకు మింగుడు పడలేదు. పిల్లల బడి కూడా కొవ్వూరులోనే అయితే, లేదా రిటైరై నది ఒడ్డున ప్రశాంతంగా ఉండాలనుకుంటే, నేనైతే కళ్లుమూసుకుని కొవ్వూరే చెప్తాను.

ధవళేశ్వరం మా జాబితాలో లేనే లేదు. బాబుకి కాటన్ మ్యూజియం చూపించడానికి వెళ్లాం. 1852కి ఇక్కడ ఆనకట్ట పూర్తయ్యాకే డెల్టా పచ్చబడిందని బడిలో చదివాడు, చూడాలన్నాడు. ఇప్పుడున్న బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలో కట్టింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. మేం వెళ్లినప్పుడు కాలువలు కట్టేసి ఉన్నాయి, అడుగున బురద, గుర్రపుడెక్క, ప్లాస్టిక్. జూన్‌లో నీళ్లు వదిలాక అందంగా ఉంటుందన్నారు. నేను మాత్రం ఎండిన కాలువ చూడటమే మంచిదైందనుకున్నాను, ఏ ఇంటి మురుగు ఎటు పోతుందో అప్పుడే తెలుస్తుంది.

తిరిగి వస్తుంటే ఒక వీధిలో టులెట్ బోర్డు. మొదటి అంతస్తు, రెండు గదులు, చిన్న హాలు, 7,500. వంటింట్లో రెండు కుళాయిలు, ఒకటి పంచాయతీది, ఒకటి బోరుది. పంచాయతీ నీళ్లు పొద్దున మాత్రమే వస్తాయి, పట్టుకోవాలి. పప్పు ఉడుకుతుందట. మెట్లకి రెండు వైపులా కమ్మీ ఉంది, మెట్టు ఎత్తు తక్కువ. అత్తయ్య ఎక్కి దిగి చూసి, మధ్యలో ఒక్కసారే ఆగారు. ఇక ఆటోలు: మెయిన్ రోడ్డు మీద నిలబడితే ఒకటి పోయేలోపు ఇంకోటి వస్తోంది. కోటిపల్లి బస్టాండ్ దాకా మేమిచ్చింది మనిషికి 20. రాత్రి పరీక్ష కూడా పెట్టాం. పదింటికి కూడా దొరికింది, కాకపోతే వెనక ముగ్గురి చోట ఐదుగురం.

ధవళేశ్వరం అంటే ఎవరైనా ముందు వరదే అడుగుతారు. జూలై, ఆగస్టుల్లో టీవీలో రోజూ వినిపించే పేరు ఇదే కదా. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడో హెచ్చరికా దాటి 25 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు పోయాయి. 1986 నాటి వరదని ముసలివాళ్లు ఇప్పటికీ తారీఖులతో చెప్తారు. ఇదంతా ఇంటావిడని అడిగాను. ఆవిడ, "మొదటి హెచ్చరికంటే జనం బ్యారేజీ మీదకి చూడ్డానికెళ్తారండి. మీరు చూడాల్సింది ఇల్లు ఏటిగట్టుకి ఎటుపక్క ఉందీ అని" అన్నారు. ఆ మాట పట్టుకుని గట్టు దాకా నడిచాం. ఇల్లు ఊరి వైపే ఉంది, వీధి కాస్త మెరక మీద ఉంది. గట్టుకి నది వైపు ఉన్న ఒక ఇల్లు 4 వేలకే ఇస్తామన్నారు. అలాంటి తక్కువకి ఆశపడకండి. ఈ వరదల్లో నిజంగా నలిగేది కింద లంక ఊళ్లవాళ్లు, పడవల మీద రాకపోకలు వాళ్లవి. మన ఇబ్బంది వాళ్ల ముందు ఏపాటిది.

ఓనర్ల గురించి రెండు మాటలు. ఇక్కడ ఎవరూ కులం నేరుగా అడగరు. "ఇంటిపేరేంటండీ?" అంటారు, ఆ తర్వాత "సొంతూరెక్కడండీ?", అప్పటికీ తేలకపోతే "నాన్వెజ్ వండుతారా?" ఈ ప్రశ్నలకి జవాబు నచ్చకపోతే ఇల్లు ఆ నిమిషంలోనే "ఇందాకే ఇచ్చేశామండి" అవుతుంది. అందరూ అలా కాదు, కానీ మాకు తగిలినవాళ్లు తక్కువేం కాదు. ఎంత మర్యాదగా అండీ అండీ అన్నా ఆ ప్రశ్న ప్రశ్నే. అద్దె దగ్గర మాత్రం ఒక ఉపాయం పనిచేసింది: దక్షిణం వాకిలి ఇళ్లు చాలామంది వద్దంటారు కాబట్టి బేరానికి లొంగుతాయి. మేం తీసుకున్నదీ దక్షిణం వాకిలే, 8 వేలు చెప్పి 500 తగ్గించారు. అడ్వాన్స్ రెండు నెలలు. బోర్డు చూసి నేరుగా వెళ్లాం కాబట్టి బ్రోకరుకి పోయే ఒక నెల అద్దె మిగిలింది.

లెక్క వేస్తే, మా వారి ఆటోకి రోజుకి 40 చొప్పున 26 రోజులకి 1,040. అద్దెతో కలిపి 8,540. బాబుకి బడి బస్సు ఖర్చు ఎక్కడున్నా తప్పదు. నా రాకపోకలకి ఆర్టీసీ బస్సే: 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో టికెట్ లేదు. అయితే ఆంధ్ర అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి, మా ఆధార్‌లన్నీ హైదరాబాద్‌వి. అద్దె అగ్రిమెంట్ రాయించగానే అడ్రస్ మార్పుకి పెట్టాను. అగ్రిమెంట్‌లో రెండు షరతులు మా వారి చేత పట్టుబట్టి రాయించాను: మోటారు చెడిపోతే బాగుచేయించేది ఓనరు, ఖాళీ చేసేటప్పుడు సున్నం డబ్బులు అడ్వాన్స్‌లోంచి ఒక నెల అద్దెకి మించి పట్టుకోకూడదు. మొదటిదానికి ఇంటావిడ వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి వాళ్లబ్బాయికి ఫోన్ చేసి కనుక్కుని, అప్పుడు సంతకం పెట్టారు.