అల్ట్రాసౌండ్‌తో గడ్డల చికిత్స: వేడి మేలా, బుడగలు మేలా?

అల్ట్రాసౌండ్ అనగానే పొట్ట మీద జెల్ రాసి చేసే స్కానింగే గుర్తొస్తుంది. అవే తరంగాల బలం పెంచి, ఒంట్లో ఒకే చోట కలిసేలా గురిపెడితే కోత లేకుండా గడ్డను చంపొచ్చు. దీనికి ఇప్పుడు రెండు దారులున్నాయి. హైఫు (హై ఇంటెన్సిటీ ఫోకస్డ్ అల్ట్రాసౌండ్) వేడితో మాడుస్తుంది. హిస్టోట్రిప్సీ వేడితో పనిలేకుండా బుడగలతో చిదిమేస్తుంది. నన్నడిగితే, ఏది ఎంత బలంగా చంపుతుందన్నది కాదు, చంపుతున్నప్పుడు డాక్టరుకు తెర మీద ఏం కనిపిస్తోందన్నదే అసలు తేడా.

హైఫులో తరంగాలు కలిసే చిన్న చోట కొన్ని సెకన్లలోనే వేడి 60 డిగ్రీల దాకా ఎక్కుతుంది. అక్కడి కణాలు చచ్చిపోతాయి. మధ్యలో ఉన్న చర్మం, కొవ్వు కూడా కొంత వేడెక్కుతాయి కాబట్టి అవి చల్లారేదాకా ఆగి మళ్లీ కొట్టాలి. గడ్డ పెద్దదైతే గంటలు పడుతుంది. చిక్కేమిటంటే, మామూలు స్కానింగ్ తెర మీద వేడి కనిపించదు. గడ్డ కాస్త తెల్లబడటాన్ని చూసి అంచనా వేసుకోవాలి. అందుకే గర్భసంచిలో ఫైబ్రాయిడ్లకు (క్యాన్సర్ కాని గడ్డలకు) ఎంఆర్‌ఐ తోడు తెచ్చారు. అది కొన్ని సెకన్లకోసారి లోపలి ఉష్ణోగ్రతను మ్యాప్‌లా చూపిస్తుంది. ఈ పద్ధతికి అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2004లో అనుమతిచ్చింది. పేషెంటు మెలకువగానే బోర్లా పడుకుని ఉంటుంది, చేతిలో ఆపే బటన్ ఉంటుంది. నరానికి వేడి తగిలి కాల్లోకి నొప్పి పాకితే నొక్కేస్తుంది. ఇంత ఖరీదైన ఏర్పాటులో నాకు ఎక్కువ నమ్మకం ఆ బటన్ మీదే.

హిస్టోట్రిప్సీ అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో పుట్టింది. చాలా పొట్టి, చాలా బలమైన తరంగాల పల్స్‌లు (క్షణకాలపు దెబ్బలు) పంపితే కణజాలంలో సూక్ష్మమైన బుడగలు గుంపుగా పుట్టి, ఆ వెంటనే కూలిపోతాయి. ఆ దెబ్బకు కణాలు నుజ్జయిపోతాయి. బుడగల గుంపు మామూలు అల్ట్రాసౌండ్ తెర మీదే తళతళ మెరుస్తుంది. పని అయిన చోటు నల్లబడుతుంది. అంటే ఎంఆర్‌ఐ లేకుండానే గురి ఎక్కడుందో, ఎంత మేర పోయిందో అప్పటికప్పుడు కనిపిస్తుంది. నలిగిన ముద్దను తర్వాత శరీరమే మెల్లగా పీల్చేసుకుంటుంది.

కాలేయానికైతే నా ఓటు దీనికే. కాలేయంలో పెద్ద రక్తనాళాలు ఎక్కువ. పక్కనే పారే రక్తం వేడిని లాగేసుకోవడం వల్ల హైఫులో నాళం పక్కన గడ్డ కొంత బతికిపోయే ప్రమాదం ఉంది. బుడగలకు ఆ బెడద లేదు. పైగా గట్టి నార ఉన్న నాళాల గోడలు ఈ దెబ్బను చాలావరకు తట్టుకుంటాయి. కాకపోతే ఊపిరికి కాలేయం కదులుతుంది కాబట్టి పూర్తి మత్తు ఇవ్వాలి.

2023లో ఎఫ్‌డీఏ దీనికి ఒప్పుకుందని విని క్యాన్సర్‌కు మందు దొరికేసిందనుకోకూడదు. కాలేయంలో గడ్డను నాశనం చేయడం వరకే ఆ అనుమతి. పేషెంటు ఎన్నేళ్లు బతుకుతారు, జబ్బు తిరగబెడుతుందా అన్నవి అందులో తేల్చలేదు. దానికి ఆధారమైన పరీక్షలో ఉన్నది 44 మందే.

మెదడు సంగతికొస్తే లెక్క తిరగబడుతుంది. చేతుల వణుకుకు పుర్రె మీదుగా చేసే వేడి చికిత్సకు 2016 నుంచి అనుమతి ఉంది. ముందు తక్కువ వేడి పెట్టి, మెలకువగా ఉన్న మనిషి చేత గుండ్రాలు గీయిస్తారు. వణుకు తగ్గి, మాట తడబడకుండా ఉంటేనే వేడి పెంచి ఆ చోటును శాశ్వతంగా మాడుస్తారు. బుడగలకు ఈ ట్రయల్ సౌకర్యం లేదు. నలిగింది నలిగినట్టే.

ఫైబ్రాయిడ్లకు కూడా నేను వేడినే ఎంచుకుంటాను. దాని వెనక ఏళ్ల అనుభవం ఉంది. రక్తప్రసారం మరీ ఎక్కువగా ఉన్న ఫైబ్రాయిడ్ మాత్రం సరిగా వేడెక్కదు, అది ముందు తీసే ఎంఆర్‌ఐలోనే తెలిసిపోతుంది. దారిలో గాలి నిండిన పేగు అడ్డొస్తే మాత్రం రెంటికీ కష్టమే, పక్కకు తప్పించలేకపోతే ఆపరేషనో మరో చికిత్సో చూసుకోవాలి.