డ్రాయింగులు ఎక్కడ పెట్టాలి: వాట్సాప్ గ్రూపా, డ్రైవ్ ఫోల్డరా, ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేరా?

స్లాబ్ వేసే ముందు రోజు సాయంత్రం సైట్‌లో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇనుప రాడ్లు వంచే బార్ బెండర్ చేతిలో ఉన్న డ్రాయింగూ, స్ట్రక్చరల్ కన్సల్టెంట్ ఆఖరుగా పంపిన డ్రాయింగూ ఒకటేనా? ఎవరికీ ఫోన్ చేయకుండా ఐదు నిమిషాల్లో జవాబు చెప్పగలిగితే మీ పద్ధతి ఏదైనా సరే, దాన్ని కదపక్కర్లేదు. చెప్పలేకపోతే మాత్రం ఈ మూడింట్లో మీ పనికి ఏది సరిపోతుందో చూసుకోవాలి.

మన దగ్గర అపార్ట్‌మెంట్ పనులు చాలావరకు వాట్సాప్ మీదే నడుస్తాయి. అందులో తప్పేం లేదు. మేస్త్రీ దగ్గర్నుంచి ఆర్కిటెక్ట్ దాకా అందరి ఫోన్లలోనూ ఉంది, ఎవరికీ నేర్పక్కర్లేదు, లైసెన్స్ ఖర్చు లేదు. టైప్ చేయడం రానివాళ్లు వాయిస్ మెసేజ్ పెడతారు. షట్టరింగ్ విప్పాక కాలమ్‌లో హనీకూంబ్ (కాంక్రీట్ సరిగ్గా నిండక మిగిలే గుల్లలు) కనిపిస్తే ఫొటో కొట్టి పెట్టడమే ఆలస్యం, ఆఫీసులో ఉన్న ఇంజనీర్ చూసి ఏం చేయాలో చెప్పేస్తాడు. మాట్లాడుకోడానికి దాన్ని మించింది లేదు. చిక్కంతా అందులో డ్రాయింగులు పంపడంతోనే.

ఎలాగంటే, రాత్రి ఎనిమిదింటికి ఆర్కిటెక్ట్ ఆఫీసు నుంచి గ్రూపులో ఒక పీడీఎఫ్ పడుతుంది. మూడో అంతస్తులో టాయిలెట్ సంక్ (పైపుల కోసం స్లాబ్‌ను కిందికి దించే పల్లం) లోతు మారింది, రివిజన్ 2. దాని కింద వరసగా నాలుగు 'ఓకే సార్'లు. ఆ తర్వాత సిమెంట్ లోడ్ బిల్లు ఫొటో, ఆర్ఎంసీ (రెడీమిక్స్ కాంక్రీట్) బండి ఎప్పుడొస్తుందన్న గొడవ, తెల్లారాక గుడ్ మార్నింగ్ పూలబొమ్మలు. తొమ్మిదింటికి సెంట్రింగ్ వాళ్లు 'ప్లాన్ ఇంకోసారి పెట్టండి' అంటే, ఎవరో ఒకరు తన ఫోన్‌లో దొరికిన రివిజన్ 1ని ఫార్వర్డ్ చేస్తారు. ఇప్పుడు గ్రూపులో ముందుగా కనిపించేది పాత డ్రాయింగ్, ఎక్కడో పైన ఉండిపోయింది కొత్తది. పేరు చూసి తేల్చుకుందామంటే రెండు ఫైళ్లకూ 'ఫైనల్' అనే పేరుంటుంది. సూపర్‌వైజర్ ఆ పీడీఎఫ్ తీసుకుని జిరాక్స్ షాపుకి వెళ్తాడు. ఏ1 సైజు షీటు అక్కడ ఏ3లో ప్రింటవుతుంది, అంటే కొలత సగానికి పడిపోతుంది. షీటు మీద 1:100 అని రాసి ఉన్నా చేతిలో ఉన్నది 1:200. దాని మీద స్కేలు పెట్టి కొలిచి ప్లంబింగ్ స్లీవ్ (పైపు దూరడానికి స్లాబ్‌లో వదిలే రంధ్రం) మార్క్ చేశారో, కాంక్రీట్ గట్టిపడ్డాక మెషీన్‌తో రంధ్రం కొట్టే కోర్ కటింగ్ వాణ్ని పిలవాల్సిందే.

ఆ 'ఓకే సార్' పెట్టినవాళ్లలో ఫైల్ తెరిచినవాళ్లెందరో కూడా తెలీదు. బ్లూ టిక్ చెప్పేది మెసేజ్ చూశారని మాత్రమే. ఫొటోలదీ ఇదే తంతు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటో సైజు తగ్గించేస్తుంది, ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరాలు కూడా ఫైల్లోంచి పోతాయి. పగుళ్లు, లీకేజీల ఫొటోలు పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా అటాచ్ చేయండి, అసలు ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది.

బిల్డర్లు పెద్దగా పట్టించుకోని విషయం ఇంకొకటుంది. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాట్ అప్పగించిన రోజు నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపమేదైనా కొనుగోలుదారు చూపిస్తే ప్రమోటరే (అంటే బిల్డరే) సొంత ఖర్చుతో సరిచేయాలి. అంటే ఏ బీమ్‌లో ఎంత స్టీలు వేశామో, ఎవరు ఒప్పుకున్నారో అన్నేళ్ల తర్వాత కూడా చూపించగలగాలి. ఈ ఐదేళ్లలో సైట్ ఇంజనీర్ ఉద్యోగం మారతాడు, ఫోన్ మారుస్తాడు, గ్రూపులోంచి వెళ్లిపోతాడు. వాట్సాప్ చాట్ కోర్టులో చెల్లదని కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేసి పెట్టుకోవచ్చు. కాకపోతే, పెట్టడానికి ఆ చాట్ మిగిలి ఉండాలి కదా.

గూగుల్ డ్రైవ్ ఇందులో చాలా ఇబ్బందుల్ని తీరుస్తుంది, కానీ దానంతటది తీర్చదు. ఉచిత ఖాతాలో 15 జీబీ ఇస్తారు. చిన్న ప్రాజెక్టు పీడీఎఫ్‌లకు అది చాలు, ఫొటోలు మొదలుపెడితే చాలదు. నాకు అందులో బాగా నచ్చింది వెర్షన్ల సదుపాయం. కొత్త రివిజన్‌ను వేరే ఫైల్‌గా కాకుండా పాత ఫైల్ మీదే కొత్త వెర్షన్‌గా ఎక్కిస్తే లింకు మారదు. ఆ లింకుకి క్యూఆర్ కోడ్ తీసి లామినేట్ చేయించి ప్రతి అంతస్తు మెట్ల దగ్గర అంటిస్తే, స్కాన్ చేసినవాడికి ఎప్పుడూ తాజా డ్రాయింగే వస్తుంది. అయితే ఇక్కడో మెలిక ఉంది. పీడీఎఫ్ లాంటి ఫైళ్ల పాత వెర్షన్లను డ్రైవ్ శాశ్వతంగా దాచదు. 30 రోజులు దాటినా, వెర్షన్లు 100 దాటినా అవి తొలగిపోవచ్చు, 'ఎప్పటికీ ఉంచు' అని గుర్తు పెట్టుకుంటే తప్ప. కాబట్టి ప్రతి పాత రివిజన్ కాపీని విడిగా 'రద్దయినవి' అనే ఫోల్డర్‌లో వేసుకోవాలి.

అంతకన్నా పెద్ద గొయ్యి ఖాతా ఎవరిదన్నది. ఫోల్డర్ సైట్ ఇంజనీర్ సొంత జీమెయిల్‌తో తెరిస్తే, ఆ ఫైళ్లకు ఓనర్ అతనే. అతను ఉద్యోగం మానేసి, ఖాళీ చోటు కోసం అవి డిలీట్ చేసుకుంటే కంపెనీ చేయగలిగింది పెద్దగా ఉండదు. గూగుల్ వర్క్‌స్పేస్‌లోని షేర్డ్ డ్రైవ్‌లోనో, జోహో వర్క్‌డ్రైవ్‌లోని టీమ్ ఫోల్డర్‌లోనో పెడితే ఫైళ్లు సంస్థ పేరిట ఉంటాయి. నెలకు కొంత కట్టాలి, కట్టడమే మంచిది. దానితోపాటు ఒక షీట్‌లో రిజిస్టర్ కూడా పెట్టుకోవాలి: డ్రాయింగ్ నంబర్, రివిజన్, తేదీ, ఎవరు జారీ చేశారు, కాగితం కాపీ ఎవరికిచ్చారు. ఎడిట్ హక్కు ఒక్కరికే ఇవ్వండి. నలుగురికీ ఇస్తే అది మళ్లీ వాట్సాప్ గ్రూపే.

ఇక ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్లు. ఆటోడెస్క్ కన్‌స్ట్రక్షన్ క్లౌడ్, ఒరాకిల్ ఆకోనెక్స్, ప్రోకోర్, బెంట్లీ ప్రాజెక్ట్‌వైజ్ లాంటివి. నాగ్‌పూర్ మెట్రో పనుల్లో బెంట్లీ వాళ్లవి వాడారు. వీటి వెనకున్న ఆలోచన నిర్మాణ సమాచారాన్ని ఎలా నిర్వహించాలో చెప్పే, 2018లో వచ్చిన ఐఎస్ఓ 19650 ప్రమాణంలో కనిపిస్తుంది. ప్రతి ఫైలూ నాలుగు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉండాలి: ఇంకా గీస్తున్నది, మిగతా కన్సల్టెంట్లు చూడటానికి పంచినది, పనికి జారీ చేసినది, రికార్డుకు దాచినది. ఆమోదం లేకుండా ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి కదలదు. రివిజన్ 2 ఎక్కగానే రివిజన్ 1 వెనక్కి పోతుంది. రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేసి ఏ గీత మారిందో రంగుల్లో చూడొచ్చు. సైట్ నుంచి వచ్చే ఆర్ఎఫ్ఐని (సందేహం తీర్చమని అడిగే ప్రశ్నని) డ్రాయింగ్‌లో ఆ బీమ్ మీదే గుచ్చి పెట్టొచ్చు. ఎవరు ఏ రోజు తెరిచారో, జవాబు ఎవరి దగ్గర ఆగిందో చిట్టా ఉంటుంది. ఆలస్యానికి ఎవరు బాధ్యులన్న పేచీ వచ్చినప్పుడు ఆ చిట్టా విలువ తెలుస్తుంది.

ఖర్చు మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. ఆటోడెస్క్ ఎక్కువగా యూజర్‌కింత అని తీసుకుంటుంది. ప్రోకోర్ ఏడాదిలో చేసే నిర్మాణం విలువను బట్టి అడుగుతుంది, యూజర్ల సంఖ్యకు పరిమితి పెట్టదు. సబ్ కాంట్రాక్టర్లు ఎక్కువగా ఉన్న పనిలో ఈ తేడా గట్టిగా తగులుతుంది. యూజర్‌కింత అన్నప్పుడు పొదుపు కోసం ఎలక్ట్రికల్, ప్లంబింగ్ వాళ్లకు లాగిన్ ఇవ్వరు. ఇవ్వకపోతే వాళ్లకు మళ్లీ వాట్సాపే దిక్కు. నా లెక్కలో అన్నిటికన్నా అధ్వానమైన ఏర్పాటు ఇదే: నిర్ణయాలు గ్రూపులో జరిగిపోతాయి, వారాంతంలో ఓ జూనియర్ ఇంజనీర్ కూర్చుని వాటిని సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తాడు. డబ్బులూ పోయాయి, డ్రాయింగ్ టెన్షనూ తీరలేదు.

మరి ఏది ఎవరికి? అంతస్తులు లెక్కపెట్టకండి, డ్రాయింగులు ఇచ్చే ఆఫీసులు లెక్కపెట్టండి. సొంత ఇల్లు కట్టుకునేవాళ్లకు ఒక ఇంజనీర్, ఒక మేస్త్రీ ఉంటారు, వాట్సాప్ చాలు. డ్రాయింగులు, బిల్లులు మాత్రం ఒక డ్రైవ్ ఫోల్డర్‌లో వేసుకోవాలి. అమెరికాలో ఉండి ఊళ్లో ఇల్లు కట్టిస్తున్నవాళ్లు ప్లాస్టరింగ్‌కు ముందు కరెంటు పైపుల, నీళ్ల పైపుల ఫొటోలు గది పేరుతో సహా తీయించి ఆ ఫోల్డర్‌లోనే పెట్టించుకోవాలి, రేపు గోడకు మేకు కొట్టాలన్నా పనికొస్తాయి. ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ ఆఫీసులతో నడిచే స్టిల్ట్ ప్లస్ ఐదు అపార్ట్‌మెంట్‌కు సంస్థ పేరిట డ్రైవ్, పక్కన రిజిస్టర్. అక్కడ ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనమని నేను చెప్పను. వీటికి తోడు ఫైర్, లిఫ్టులు, ఫసాడ్ (బిల్డింగ్ బయటి ముఖం), పీఎంసీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్) అంటూ ఆఫీసులు పెరిగి, టవర్లు ఒకటికి మించితే మాత్రం రిజిస్టర్ రాసే మనిషి చేతులెత్తేస్తాడు. అప్పుడు సాఫ్ట్‌వేర్ తప్పదు, అందరికీ లాగిన్లు ఇచ్చేటట్టయితేనే.

బార్ బెండర్ చేతికి మాత్రం ఏ పద్ధతిలోనైనా కాగితమే వెళ్తుంది. పన్నెండు ఎంఎం రాడ్లు వంచే చేత్తో ట్యాబ్‌లో జూమ్ చేయమంటే కుదరదు. పాత కాగితం వెనక్కి ఇస్తేనే కొత్తది ఇవ్వండి, వెనక్కొచ్చిన దాని మీద రద్దు ముద్ర కొట్టండి.

సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందు ఒకటి అడగాలి. సబ్‌స్క్రిప్షన్ ఆగిన రోజున డ్రాయింగులు, ఆర్ఎఫ్ఐలు, ఆమోదాల చిట్టా మొత్తం మామూలు పీడీఎఫ్, ఎక్సెల్ ఫైళ్లుగా చేతికి ఇస్తారా, ఎన్ని రోజుల్లో ఇస్తారు? ప్రాజెక్టు మూడేళ్లలో అయిపోతుంది, రెరా గడువు ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు నడుస్తుంది. అన్నేళ్లూ సాఫ్ట్‌వేర్‌కు అద్దె కట్టే బిల్డర్ ఉండడు కాబట్టి, ఆ ఎక్స్‌పోర్ట్ తీసుకుని రెండు హార్డ్ డిస్కుల్లో వేసి, ఒకటి ఆఫీసులో, ఇంకొకటి బయట పెట్టుకున్నాకే రెన్యువల్ ఆపాలి.