'నైన్టీస్' అయిపోయాక ఏం చూడాలి? బరంపురం నుంచి ఒక ఇంటి రివ్యూ

'నైన్టీస్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' చూసినవాళ్ళందరికీ ఒకటే ఇబ్బంది. ఆరంటే ఆరే ఎపిసోడ్లు. 2024 జనవరిలో ఈటీవీ విన్ యాప్‌లో వచ్చిన ఈ సిరీస్‌ని మేం ఆలస్యంగా మొదలుపెట్టి, అయిపోతుందేమోనని పొదుపుగా చూసుకున్నాం. అయినా అయిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో రోజూ రాత్రి భోజనాలయ్యాక అదే ప్రశ్న: ఇప్పుడేం పెడదాం? ఈ రివ్యూ ఆ ప్రశ్న గురించే. ఏ సిరీస్ బాగుందన్నదొక్కటే కాదు, అలాంటిదాన్ని వెతికిపెట్టడంలో ఏది ఎంత పనికొచ్చిందో కూడా రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. ఒడిశాలోని బరంపురంలో మాలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మాది పట్టు నేసిన కుటుంబం. మా అత్తయ్య పుట్టింది, పెరిగింది ఇక్కడే. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ చదివింది ఒడియా బడిలో కాబట్టి తెలుగు అక్షరాలు చదవలేరు. నేను ఇచ్ఛాపురం నుంచి కోడలిగా వచ్చాను, నాకు తెలుగు చదవడం వచ్చు. మా బాబు ఇంగ్లీష్ మీడియం. ఒకే సోఫా మీద మూడు లిపులు. అందుకే టీవీలో కింద పడే సబ్‌టైటిల్స్ మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరికి పనికిరావు. చెవికి తెలుగు వినపడితేనే అందరం కలిసి చూడగలం. ఒడిశా సరిహద్దులో చాలా తెలుగు ఇళ్ళలో పరిస్థితి ఇదే. యాప్‌లు తయారుచేసేవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా చెప్తే బాగుండును.

రెండో సంగతి, అసలు 'నైన్టీస్'లో మాకేం నచ్చింది? ఇది తేల్చుకోకుండా వెతికితే ఏమీ దొరకదని నా గట్టి నమ్మకం. 'ఫ్యామిలీ కామెడీ' అని వెతికితే వందలు వస్తాయి, అందులో ముప్పాతిక అరుపులు. మాకు నచ్చింది కామెడీ కాదు. శివాజీ వేసిన లెక్కల మాస్టారు చంద్రశేఖర్ ప్రతి రూపాయికీ లెక్క చూసుకుంటాడు, అయినా చెడ్డవాడిలా కనిపించడు. పొద్దున్నే ఉప్మా అనగానే పిల్లల మొహాలు మాడిపోతాయి, ఆ తల్లి రాణి మాత్రం మళ్ళీ ఉప్మాయే చేస్తుంది. చిన్నవాడు ఆదిత్య మార్కుల విషయం ఇంట్లో ఎలా దాచాలా అని పడే టెన్షన్ చూస్తుంటే మా బాబు నా వైపు చూడకుండా టీవీ వైపే చూశాడు! డబ్బు తక్కువున్న ఇంట్లో ఒకరి మీద ఒకరికి ఉన్న ప్రేమ, నోటితో చెప్పకుండా పనుల్లో కనిపించడం. మాకు కావలసింది అది. దానికి ఏ యాప్‌లోనూ వరస లేదు.

ఇక యాప్‌ల హోమ్ స్క్రీన్ సంగతి. 2015లో నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేసే ఇద్దరు తమ సిఫారసుల పద్ధతి మీద రాసిన వ్యాసంలో, చూసేవాళ్ళు ఏం పెట్టాలో వెతుక్కుంటూ 60 నుంచి 90 సెకన్లు గడిపేసరికి ఆసక్తి పోగొట్టుకుంటారని చెప్పారు. తమ దగ్గర జనం చూసే గంటల్లో దాదాపు 80 శాతం సిఫారసుల వల్లేనని కూడా రాశారు. అంటే తెర మీద మొదట కనిపించేదంతా ఆ నిమిషంన్నరలో మనల్ని పట్టుకోవడానికి పేర్చింది. ఒక్కరే చూసే ఫోన్‌కి అది సరిపోతుందేమో. ఒకే ప్రొఫైల్‌లో అత్తయ్య భక్తి పాటలు, మా ఆయన క్రికెట్, బాబు జపాన్ కార్టూన్లు కలిసిపోతే ఆ సిఫారసుల యంత్రం మాత్రం ఏం చేస్తుంది?

దీనికి ఒక మంచి మార్గం ఉంది, అందరూ చేసుకోండి. నెట్‌ఫ్లిక్స్‌లో ఐదు ప్రొఫైళ్ళు, అమెజాన్ ప్రైమ్‌లో ఆరు పెట్టుకోవచ్చు. అందులో ఒకటి మనుషుల పేరుతో కాకుండా 'ఇల్లు' అని పెట్టి, అందరం కలిసి చూసేది మాత్రమే అందులో చూడాలి. మా ప్రైమ్‌లో ఇలా చేశాక ఆ ప్రొఫైల్ తెర మెల్లగా మారింది. నరుక్కునే బొమ్మలు వెనక్కి వెళ్ళి, ఇళ్ళూ ఊళ్ళూ ఉన్న బొమ్మలు ముందుకొచ్చాయి. ఈ ఒక్క పనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

జస్ట్‌వాచ్ అనే ఉచిత యాప్ గురించి కూడా చెప్పాలి. ఏదైనా సిరీస్ పేరు కొడితే అది మన దేశంలో ఏ యాప్‌లో ఉందో చూపిస్తుంది. మన దగ్గరున్న యాప్‌లని మాత్రమే ఎంచుకుని వాటిలోనే వెతకొచ్చు, చూడాలనుకున్నవి ఒక జాబితాలో పెట్టుకోవచ్చు. ఎవరైనా పెళ్ళిలోనో రైల్లోనో 'ఇది బాగుంది' అని చెప్తే అప్పటికప్పుడు ఆ జాబితాలో వేసేస్తాను. లేకపోతే ఇంటికొచ్చేసరికి పేరు గుర్తుండదు. కానీ తెలుగు మాటలున్నాయా లేవా అన్నది మాత్రం అసలు యాప్‌లోకి వెళ్ళి ఎపిసోడ్ మొదలుపెట్టి, ఆడియో అన్నచోట నొక్కి చూసుకోవాలి. ఇది తప్పదు. ఒక యాప్‌లో, పేరెందుకులెండి, తెలుగు వరసలో ఉన్న సిరీస్ ఒకటి చూశాం. ట్రైలర్ చక్కటి తెలుగులో ఉంది. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, ప్లేటులో అప్పడాలు సర్దుకుని కూర్చున్నారు. తీరా పెడితే లోపల ఎపిసోడ్లన్నీ హిందీలోనే. ఆవిడ ఏమీ అనలేదు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. నాకు ఇప్పటికీ కోపమే.

యంత్రాన్ని పక్కనపెట్టి మనుషుల వెంట వెళ్ళడం మొదలుపెట్టాక అసలైనవి దొరికాయి. అంటే ఎవరు తీశారు, ఎవరు రాశారు, ఎవరు నటించారు అని పేర్లు పట్టుకుని వెతకడం. 'నైన్టీస్'లో పెద్దబ్బాయి రఘుగా వేసిన మౌళి వెంట వెళ్తే 2025లో వచ్చిన 'లిటిల్ హార్ట్స్' సినిమా దొరికింది. దాని నిర్మాత 'నైన్టీస్' దర్శకుడు ఆదిత్య హాసన్. సినిమా కాబట్టి ఒక సాయంత్రంతో అయిపోయింది, బాబు మాత్రం పడీ పడీ నవ్వాడు.

తర్వాత 'సివరపల్లి'. 2025 జనవరిలో ప్రైమ్‌లో వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లు. ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్దామనుకున్న కుర్రాడు తెలంగాణ పల్లెలో పంచాయతీ కార్యదర్శిగా చేరడం కథ. రాగ్ మయూర్ ఆ చిరాకునీ, మెల్లగా ఊరి మీద పుట్టే ఇష్టాన్నీ కొలిచినట్టు చేశాడు. సర్పంచ్ భర్తగా మురళీధర్ గౌడ్ ఉన్న ప్రతి సీనూ నిండుగా ఉంటుంది. ఇది హిందీ సిరీస్ 'పంచాయత్'కి రీమేక్. అది ముందే చూసినవాళ్ళకి కథలో కొత్తదనం తక్కువ, అదొక్కటే లోటు. మా అత్తయ్య 'పంచాయత్' చూడలేదు కాబట్టి ఆవిడకి ఆ లోటు లేదు. తెలంగాణ మాట అందడానికి మొదట్లో కొంచెం టైం పట్టింది, రెండో ఎపిసోడ్‌కి అలవాటైపోయింది.

'సివరపల్లి'నీ 'పంచాయత్'నీ తీసింది టీవీఎఫ్ (ది వైరల్ ఫీవర్) అనే నిర్మాణ సంస్థ. వాళ్ళ పేరు పట్టుకుని వెళ్తే సోనీ లివ్‌లో 'గుల్లక్' కనిపించింది. ఈ మొత్తం వెతుకులాటలో నాకు దొరికిన నిధి ఇదే. 2019లో మొదటి సీజన్, 2024లో నాలుగోది. సీజన్‌కి ఐదు ఎపిసోడ్లు, ఒక్కోటీ అరగంట అటూ ఇటూ. ఉత్తరాదిలో ఒక చిన్న ఊళ్ళో మిశ్రా గారి ఇల్లు. ఆయన కరెంటు ఆఫీసులో ఉద్యోగి, ఆవిడ శాంతి, ఇద్దరు కొడుకులు. కథ చెప్పేది వాళ్ళింట్లో అలమారలో ఉన్న మట్టి హుండీ. హత్యలు లేవు, కుట్రలు లేవు. ఉద్యోగం రాని పెద్దకొడుకుని ఇంట్లో వాళ్ళు ఏమీ అనకుండా అనడం, పిలవకుండానే లోపలికొచ్చేసే పక్కింటి బిట్టూ వాళ్ళమ్మ, కొత్త వస్తువు ఏది కొనాలన్నా ఇంటిల్లిపాదీ కూర్చుని చేసే చర్చ. మూడో సీజన్‌లో పెద్దకొడుకు మెడికల్ రెప్‌గా చేరతాడు. ఆ సంపాదనతో ఇంట్లో అతని కుర్చీ స్థానం మారడం గమనించండి. అంత చిన్న సంగతిని అంత జాగ్రత్తగా రాసినవాళ్ళకి దండం పెట్టాలనిపించింది. తల్లిగా వేసిన గీతాంజలి కులకర్ణి కేకలేస్తూనే పళ్ళెంలో ఇంకో రొట్టె వేస్తుంది. రాణి ఉప్మా గుర్తొచ్చింది. మేం హిందీలోనే చూశాం. అత్తయ్యకి హిందీ సగం అర్థమవుతుంది, 'గుల్లక్'కి ఆ సగం చాలింది. "వీళ్ళు మనింటోళ్ళేనే" అన్నారు.

ఇక నేను అసలు ఊహించని చోట దొరికింది 'అరేబియా కడలి'. 2025 ఆగస్టులో ప్రైమ్‌లో వచ్చింది, సత్యదేవ్, ఆనంది ఉన్నారు. వేటకి వెళ్ళిన జాలర్లు పొరపాటున పాకిస్తాన్ నీళ్ళలోకి వెళ్ళి జైల్లో పడటం కథ. 'నైన్టీస్'కీ దీనికీ పోలికే లేదు. ఏ యంత్రమూ 'అది చూశారు కాబట్టి ఇది చూడండి' అనదు. నేను పెట్టింది కూడా నా కోసమే. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో తిరిగొచ్చిన శ్రీకాకుళం వైపు జాలర్ల వార్తలు నాకు బాగా గుర్తు. మా ఇచ్ఛాపురం పక్క పల్లెల నుంచి గుజరాత్ బోట్ల మీదకి వెళ్ళేవాళ్ళు ఎందరో. వంటింట్లో ఉన్న అత్తయ్య ఆ మాటలు విని బయటికొచ్చారు. ఆవిడ చిన్నప్పటి నుంచీ బరంపురం దగ్గర గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున చేపలు బేరమాడింది తెలుగు మాట్లాడే నోలియా జాలర్ల దగ్గరే. టీవీలో అలాంటి యాస వినడం ఆవిడకి కొత్త. కూర్చుండిపోయారు. జైలు భాగం నాకు కాస్త సాగినట్టు అనిపించింది, ఊళ్ళో మిగిలిపోయిన ఆడవాళ్ళ భాగం మాత్రం గట్టిగా ఉంది. మగవాళ్ళు లేని ఊళ్ళో వాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగడం చూస్తూ అత్తయ్య కళ్ళు తుడుచుకున్నారు. ఆ రాత్రి తర్వాత నేను కథల రకం చూడటం మానేసి, ముందు ఎవరి మాట వినపడుతోందో చూస్తున్నాను.

పాతది కావాలంటే 'అమృతం' ఉండనే ఉంది. 2001 నుంచి 2007 వరకు జెమినీలో ఆదివారాలు వచ్చింది. గుణ్ణం గంగరాజు గారి పుణ్యం. ఇప్పుడు యూట్యూబ్‌లో ఉచితంగా చూడొచ్చు. అమృతం, ఆంజనేయులు, అప్పాజీ, సర్వం, ఈ నలుగురూ చాలు. మూడొందలకి పైగా ఎపిసోడ్లు కాబట్టి అయిపోతుందన్న బెంగ లేదు. అమృతం పాత్రధారి మధ్యలో మారతాడు, శివాజీ రాజా తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్. గుండు హనుమంతరావు గారు మాత్రం ఆంజనేయులుగా మనసులో ఉండిపోతారు. రెండు కొత్త సిరీస్‌ల మధ్య ఖాళీలో రోజుకొకటి వేసుకోవడానికి దీన్ని మించింది లేదు.

'సేవ్ ది టైగర్స్' జియోహాట్‌స్టార్‌లో రెండు సీజన్లు ఉంది. ప్రియదర్శి, అభినవ్ గోమఠం బాగా నవ్విస్తారు. కానీ అది మొగుడూ పెళ్ళాలు చూసుకునేది, అత్తయ్యతో, పిల్లాడితో కలిసి కాదు. నాగచైతన్య 'దూత' పట్టు సడలని సస్పెన్స్, కాకపోతే రాత్రి పూట మా బాబు వద్దన్నాడు. ఒడియా కోసం 'ఆవో నెక్స్ట్' లాంటి యాప్‌లు ఉన్నాయి, అవి మా ఆడపడుచు ఇంట్లో నడుస్తాయి.

డబ్బుల విషయంలో ఒక మాట. నెట్‌ఫ్లిక్స్ 149 రూపాయల ప్లాన్ ఫోన్‌కీ ట్యాబ్‌కే, టీవీలో రాదు. కలిసి చూసే ఇంటికి అది పనికిరాదు. ప్రైమ్‌లో 2025 జూన్ నుంచి మధ్యలో ప్రకటనలు వస్తున్నాయి, వద్దనుకుంటే విడిగా కట్టాలి. అన్నీ ఒకేసారి తీసుకోనక్కర్లేదు. ఒక నెల సోనీ లివ్ తీసుకుని 'గుల్లక్' నాలుగు సీజన్లూ తీరిగ్గా చూసుకోవచ్చు, తర్వాతి నెల ఈటీవీ విన్‌కి మారొచ్చు. ఏ ఒక్కటే ఉంచుకోమంటారని ఎవరైనా అడిగితే, మాలాంటి ఇంటికి నేను ఈటీవీ విన్ చెప్తాను. అందులో మొదటి నుంచీ చివరిదాకా తెలుగే వినపడుతుంది, అత్తయ్య రిమోట్ ఎవరికీ ఇవ్వకుండా తనే నొక్కుకుని చూస్తున్నారు. వర్ష బొల్లమ్మ 'కానిస్టేబుల్ కనకం' జాబితాలో తర్వాత ఉంది. ఆదిత్య హాసన్ పేరు కనిపించే ఏ కొత్తదైనా మాత్రం జాబితాతో పని లేకుండా వచ్చిన రోజే పెట్టేస్తాం.