రాకెట్ మీద ‘మీడియం’ అని ఉంటే, ఎవరి లెక్కలో మీడియం?

నెల్లూరు, కావలి కోర్టుల్లో వేర్వేరు కంపెనీల గ్రాఫైట్ బ్యాడ్మింటన్ రాకెట్లు ఏళ్ల తరబడి వాడాక ఇది రాస్తున్నది. బరువు గుర్తుతో పేచీ లేదు. 3యు అంటే 85 నుంచి 89 గ్రాములు, 4యు అంటే 80 నుంచి 84. గట్టింగ్ (రాకెట్ తీగలు), పై గ్రిప్ లేకుండా కాటా మీద పెడితే తేలిపోతుంది.

షాఫ్ట్, అంటే పిడికీ ఫ్రేమ్‌కీ మధ్య ఉండే సన్నని కడ్డీ, దాని సంగతి అలా కాదు. ఫ్లెక్సిబుల్, మీడియం, స్టిఫ్ అని రాస్తారు గానీ వాటికి ఉమ్మడి కొలత లేదు. ఆట నిబంధనలు రాకెట్ పొడవు 680, వెడల్పు 230 మి.మీ. దాటకూడదంటాయి. షాఫ్ట్ ఎంత వంగాలన్న ఊసే ఎత్తవు. పిడి ఎక్కడ బిగించాలి, ఎంత బరువు వేలాడదీయాలి, వంపు ఎక్కడ కొలవాలి అన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీ ఇష్టం. అందుకే ఒకరి మీడియం ఇంకొకరి స్టిఫ్ అంత గట్టిగా ఉండొచ్చు. గోల్ఫ్ షాఫ్ట్‌ల మీది ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్) అక్షరాలదీ ఇదే గతి. కాకపోతే అక్కడ షాఫ్ట్ నిమిషానికి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టే మిషనన్నా ఉంది. మనకు ట్రంకు రోడ్డు షాపులో రెండు చేతులతో వంచి చూపిస్తారు. అందులో ఫ్రేమూ వంగుతుంది, పట్టే చెయ్యి బలమూ కలుస్తుంది. దాంతో తేలేదేమీ లేదు.

ఇంట్లోనే కొలవొచ్చు. వడ్రంగి వాడే సి-క్లాంప్‌తో పిడిని బల్లకు బిగించండి, మధ్యలో గుడ్డ పెట్టి. షాఫ్ట్ మొదలయ్యే కోన్ అంచు సరిగ్గా బల్ల అంచుకు రావాలి. అంగుళం వెనక్కి బిగిస్తే పిడి వంపు కూడా లెక్కలో కలిసిపోతుంది. ఫ్రేమ్ పడుకున్నట్టు ఉండాలి. షాఫ్ట్, ఫ్రేమ్ కలిసే చోట లీటరు నీళ్ల సీసా వేలాడదీసి, ఫ్రేమ్ కొస ఎంత దిగిందో స్టీలు స్కేలుతో చూడండి. బరువు అతుకు దగ్గరే ఉంటుంది కాబట్టి ఫ్రేమ్ వంగదు, ఊరికే వాలుతుంది. అతుకు దగ్గర వంపు కొన్ని మిల్లీమీటర్లే. కొసన అది రెండింతలకు పైగా కనపడుతుంది, తేడా పట్టుకోవడం తేలిక. సీసా తీశాక కొస మళ్లీ మొదట ఉన్న చోటికి రాకపోతే ముందు క్లాంప్ జారిందేమో చూడండి. జారకపోతే పిడిలో జిగురు వదిలి ఉండొచ్చు, ఆ రాకెట్‌ను నమ్మొద్దు.

పొడవు కూడా చూసుకోవాలి. లోపలి నిర్మాణం ఒకటే అయితే, 210 మి.మీ. షాఫ్ట్ ఇంకో 10 పెరిగినా అతుకు దగ్గర వంపు దాదాపు 15 శాతం ఎక్కువవుతుంది.

తల బరువు ఎక్కువున్న రాకెట్ ఆటలో మెత్తగా అనిపిస్తుంది, బల్ల మీద మాత్రం గట్టిగానే తేలుతుంది. ఇక రోహిణి కార్తెలో కారులో వదిలేసి, షాఫ్ట్ మెత్తబడిందని రాకెట్ మార్చేవాళ్లున్నారు. సాధారణంగా అక్కడ సడలేది గట్టింగ్. మళ్లీ అదే పౌండ్ల బిగువుకు గట్టింగ్ వేయించి ఆడి చూశాకే షాఫ్ట్‌ను అనుమానించాలి.

ఒకే కంపెనీ ఒకే సిరీస్‌లో ఈ మాటలు కొంతవరకు పనికొస్తాయి. కంపెనీ మారితే మీ పాత రాకెట్‌ను, కొత్తదాన్ని ఒకే సీసాతో కొలిచి పోల్చుకోండి. వెనక గీత నుంచి కొట్టిన క్లియర్ (అవతలి వెనక గీత దాకా ఎత్తుగా పంపే షాట్) సగం కోర్టులోనే పడుతుంటే, పాతదానికంటే ఎక్కువ దిగేది తీసుకోండి, పేరు స్టిఫ్ అని ఉన్నా సరే.