చెవి పరీక్ష: ట్యూనింగ్ ఫోర్కా, ఆడియోమెట్రీయా?

తణుకు, భీమవరం వైపు రైస్ మిల్లుల్లో ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లకు ఏది మేలు?

ట్యూనింగ్ ఫోర్క్ అంటే కొడితే మోగే రెండు కొమ్ముల లోహపు కడ్డీ, దానికి కరెంటు అక్కర్లేదు. 512 హెర్ట్జ్ (శబ్దం ఎంత సన్నదో చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ సన్నన) ఫోర్క్ మోగించి, కాడను చెవి వెనక ఎముకకు ఆనిస్తారు, తర్వాత చెవి ముందు పెడతారు. ఎముక మీదే గట్టిగా వినిపిస్తే గులిమి, చీము లాంటి అడ్డు ఉండొచ్చు. వినికిడి ఎంత తగ్గిందో మాత్రం ఫోర్క్ చెప్పదు.

మిల్లు మోత వల్ల చెవికి తగిలే దెబ్బ సాధారణంగా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది. మాటలు బాగానే వినిపిస్తుంటాయి కాబట్టి మనిషికి తెలియదు, ఫోర్క్‌కూ దొరకదు. ఆడియోమెట్రీలో హెడ్‌ఫోన్ పెట్టుకుని, సన్నటి కూత వినపడగానే బటన్ నొక్కాలి. 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో చెవికి గీత వస్తుంది. 4000 దగ్గర గుంటలా దిగితే మోతనే అనుమానించాలి. మిల్లు మనుషులకు నేను చెప్పేది ఆడియోమెట్రీయే. డ్యూటీ దిగి నేరుగా మాత్రం వెళ్లొద్దు, మోత తర్వాత కాసేపు వినికిడి మందగిస్తుంది.